మిరియం పాసైంది

జూన్ 9, 1974. ఆదివారం.

మందుల కంపెనీ వాడిచ్చిన డైరీ ఆర్నెల్లుగా పెట్టెలో పడి ఉంది. ప్రతి పేజీ అడుగునా ఒక పశువుల మందు పేరు అచ్చు వేశాడు. ఇవాళ్టి పేజీకి నట్టల మందు వచ్చింది. నేను రాయబోయేదానికి సరిగ్గానే కుదిరింది.

నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. పుప్పాలగూడలో మా ఇంటి నుంచి ఖాజాగూడ గుట్టల దాకా సీతాఫలం పొదల మధ్య కాలిబాట. ధర్మకర్తలు ఆసుపత్రిని రాళ్ళ నడుమ, ఊరికి దూరంగా కట్టించారు. లోపల ఉన్నదంతా పక్షవాతం వచ్చినవాళ్ళే. ఎవరు పారిపోతారని అంత ఎత్తు గోడ పెట్టారో నాకు తెలియదు. చూడనిచ్చేది గురువారం, ఆదివారం, గంట చొప్పున.

భ్రమరాంబ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గంటసేపూ నేనే మాట్లాడాను. మా ఇంటి ఓనరు సాయిలు గొర్రెల సంగతి, పెరట్లో దొరికిన పాము కుబుసం సంగతి, పక్కింటివాళ్ళ పెళ్ళి సంగతి. తిరగలేదు. పడమటి కిటికీలోంచి ఎండ కళ్ళలో పడుతుంది మరి. మంచం మార్పించమని చెప్పాలి.

ఏడు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. పడిపోవడానికి నాలుగు రోజుల ముందే చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే మెహదీపట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ మహానుభావుడు రాసుకోమని తైలం ఇచ్చి పంపాడు. గొడ్ల డాక్టరైతే కనిపెట్టి ఉండేవాడు.

బయటికి వస్తుంటే డాక్టర్ సుబ్బలక్ష్మిగారు పిలిచారు. వార్డులు ఆవిడ చేతిలోనే ఉంటాయి.

“రామబ్రహ్మంగారూ, మీ దగ్గర చిన్న కుక్క ఉందటగా? ఏం చెబితే అది చేస్తుందని మా ఆయా నీలమ్మ చెప్పింది.”

“చెప్పకపోయినా చేస్తుందండి. ముప్పై మూడేళ్ళు పశువుల ఆసుపత్రిలో కంపౌండరు పని చేశాను. ఒకసారి ఏమైందంటే...”

“అది తరవాత వింటానండీ,” అన్నారు. ఆవిడ ‘తరవాత’ ఎప్పుడొస్తుందో ఏడు నెలలుగా చూస్తున్నాను.

సంగతేమిటంటే, ఆవిడ ఇంగ్లండు సీమలో చదివినప్పుడు అక్కడ ఒక చిన్న కుక్కని రోగుల మంచం మీద కూర్చోబెట్టేవారట. డాక్టర్లు బతిమాలినా కదలని చెయ్యి, దాన్ని నిమరడానికి కదిలేదట. ఇక్కడా అలాగే చేద్దామని ధర్మకర్తల్ని ఒప్పించారు. వాళ్ళు పరీక్ష పెట్టమన్నారు. కుక్కకీ, దాన్ని తెచ్చే మనిషికీ కలిపి ఒకే పరీక్ష. పాసైతే ఇద్దరికీ సర్టిఫికెట్టు. అదుంటే సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున రెండేసి గంటలు వార్డుల్లోకి రావచ్చు.

అంటే వారానికి ఇంకో ఆరు గంటలు భ్రమరాంబ దగ్గర.

సైక్లోస్టైలు కాగితం ఒకటి ఇచ్చారు. పన్నెండు నిబంధనలు. మొరగకూడదు, నాకకూడదు, కింద పడ్డది తినకూడదు, చంకకర్ర పడినా బెదరకూడదు. పదకొండోది: ‘రోగిని అడిగిన ప్రశ్నకు రోగే జవాబు చెప్పాలి. కుక్కను తెచ్చినవారు కలగజేసుకోరాదు.’ ఇది కుక్కకి సంబంధించింది కాదు. వదిలేశాను.

జూన్ 10.

మా కుక్క మిరియాన్ని తూచాను. ఐదున్నర కిలోలు. ఇదంతా భ్రమరాంబ కోసం కాదు. నలుగురికీ పనికొచ్చే పని.

జూన్ 14. శుక్రవారం.

మిరియం తల్లి బంజారా కొండల్లో ఒక నవాబుగారి ఒళ్ళో పెరిగిన విలాయతీ కుక్క. తండ్రి ఎవరో నవాబుగారికి తెలియదు. ఆ అవమానం భరించలేక పుట్టిన నాలుగింటినీ గంపలో పెట్టి నాతో పంపేశాడు. మూడింటిని పంచాను. నల్లగా, గుండ్రంగా, అందరికన్నా చిన్నగా ఉన్నదాన్ని భ్రమరాంబ ఒళ్ళో పెట్టుకుంది. పేరు మాత్రం నేనే పెట్టాను.

ఆ నవాబుగారికి ఒక ముసలి గుర్రం ఉండేది. రోజూ పొద్దున్నే దాని ముందు కుర్చీ వేసుకుని ఉర్దూ పత్రిక మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించేవాడు. గుర్రం చచ్చిపోయిన రోజున పత్రిక మాన్పించాడు. ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. అందరూ నవ్వుతారు. ఇవాళ రాస్తుంటే నాకు నవ్వు రాలేదు. సరే, పనిలోకి వస్తాను.

సాయిలు మా ఓనరే కాదు, ఇప్పుడు మా రోగి కూడా. అరవయ్యేళ్ళవాడు, గొర్రెల్ని కొడుక్కి అప్పగించి తీరిగ్గా ఉన్నాడు. పందిట్లో నులకమంచం మీద దుప్పటి కప్పుకుని పడుకోమన్నాను.

“ఏంది సారూ, సచ్చినట్టు పండాల్నా, బతికున్నట్టు పండాల్నా?”

“పక్షవాతం వచ్చినట్టు పడుకో. కుడి చెయ్యి కదలకూడదు.”

“కుడి చెయ్యి కదలకపోతే బీడీ ఎట్ల తాగాలె?”

“రోగులు బీడీ తాగరు.”

“నువ్వు చూడలేదు సారూ. మా నాయన తాగిండు, మూతి వంకరవోయినంక గూడ తాగిండు.”

పద్ధతి రాసుకుంటాను, మరిచిపోకుండా. చెయ్యి చదును చేసి చూపిస్తే మంచం ఎక్కాలి. రెండు వేళ్ళు చూపిస్తే పడిపోయిన చేతి పక్కన ఒరగాలి. గడ్డం ఆ చేతి కిందికి దూర్చాలి. మెత్తగా, కోడిపెట్ట గుడ్ల మీద సర్దుకున్నట్టు. చేస్తే చిటికెడు ఉడికించిన కార్జం. కార్జం నేల మీద పడేసి ‘వదులు’ అంటే చూసి కూడా చూడనట్టుండాలి.

మిరియం మొదటి రోజే పన్నెండింట్లో ఏడు చేసింది. సాయిలు ఒక్కటీ చెయ్యలేదు. మధ్యలో నిద్రపోయాడు.

జూన్ 23.

గోడ వైపే.

జులై 11. గురువారం.

నీలమ్మ ఖాజాగూడ మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. గట్టి చేతులు, అంతకన్నా గట్టి నోరు. నేను వెళ్ళేసరికి భ్రమరాంబ మంచం పక్కన గ్లాసు తీస్తోంది. గ్లాసులోంచి కాఫీ వాసన.

“ఇది ఎవరిది?”

“అమ్మది.”

“భ్రమరాంబ కాఫీ తాగదు. మా ఇంట్లో మజ్జిగే.”

“దినాం రెండు గిలాసలు తాగుతది సారూ. ఆలస్యమైతే మంచం కోడు మీద కొడ్తది, ఎడమ చేత్తోని.”

“ముప్పై ఆరేళ్ళుగా చూస్తున్నాను. తాగదు.”

నీలమ్మ నా వంక చూసింది. “ముప్పై ఆరేండ్లల్ల ఎన్నడన్న అడిగినవా?”

ఆసుపత్రి మనుషులకి నోటికి అదుపు లేదు. ఫిర్యాదు చెయ్యాలి. చెయ్యను, పరీక్ష దగ్గరికి వస్తోంది.

పెళ్ళయిన కొత్తలో మా మేనత్త ఇంటికి వెళ్తే, ఆవిడ “కాఫీ తాగుతావా అమ్మాయ్?” అంది. “తనకి అలవాటు లేదు అత్తయ్యా,” అన్నాను. వాళ్ళ పుట్టింట్లో అలవాటు లేదని ఎవరో చెప్పగా విన్నాను. ఎవరు చెప్పారో గుర్తు లేదు.

జులై 22. సోమవారం.

పరీక్షకి పశువైద్యుడు ఒకడుండాలట. ఎవరొస్తున్నారో తెలిసింది. భీమేశ్వరరావు. రిటైరైనా పొగరు రిటైరు కాలేదు. ఆయన కింద పదకొండేళ్ళు చేశాను. గేదెని తెస్తే ఆయన అరుగు దిగేవాడు కాదు. “ఏమయ్యా రామబ్రహ్మం, ఏమంటోంది?” అని నన్నడిగేవాడు. “మేత ముట్టడం లేదంటోందండి, నెమరు ఆగిందంటోందండి, ఎడమ డొక్క నొప్పంటోందండి,” అని నేను చెప్పేవాణ్ణి. ఆయన చీటీ రాసేవాడు. పశువులు బతికేవి, జీతం ఆయనకెక్కువ.

నోరు లేని జీవాలకి నేనే నోరు. ఈ మాట రైతులే అనేవారు. నర్సింగిలో ఒకాయన తన ఎద్దుకి ఏం జబ్బో చెప్పి, కాసేపాగి, “ఇగ నువ్వు చెప్పు సారూ, అదేమంటుందో,” అన్నాడు. ఆయన చెప్పింది వేరు, ఎద్దు చెప్పింది వేరు అన్నట్టు. నేను చెప్పిందే నిజమైంది. ఎద్దు లేచింది.

అలాంటి నన్ను పరీక్ష చేస్తారట.

ఆగస్టు 5. సోమవారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇద్దరమే అభ్యర్థులం. మొదట అమ్మణ్ణిగారని, కార్లో వచ్చింది, తెల్లటి పొమేరియన్‌తో. దానికి గులాబిరంగు రిబ్బను. అది గుమ్మంలోనే బెడ్‌పాన్‌ని చూసి పులిని చూసినట్టు మొరిగింది. ఆవిడ దాన్నెత్తుకుని, “మా పాపకి ఇలాంటి వాసనలు పడవండి,” అని వెళ్ళిపోయింది. అక్కడితో వాళ్ళ పరీక్ష అయిపోయింది.

మిరియం సంగతి. స్టీలు కంచం పడేశారు, చెవి కూడా కదపలేదు. చంకకర్ర దాని పక్కనే దభీమని పడింది, పక్కకి జరిగి కూర్చుంది. చక్రాల కుర్చీ పక్కనుంచి బెదరకుండా దాటింది. నీలమ్మ దాని చెవి పట్టి లాగింది, తోక నలిపింది. నేల మీద మాంసం ముక్క వాసన కూడా చూడలేదు. నేను గది బయటికి వెళ్ళి మూడు నిమిషాలు నిలబడ్డాను. ఆ మూడు నిమిషాలూ అది తలుపు వైపు చూస్తూ కూర్చుందట. భీమేశ్వరరావు అంతటివాడే, “నీ చెయ్యి పడితే ఇంతేనయ్యా,” అన్నాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ అనని మాట.

ఆఖరుది రోగి మంచం దగ్గర. రోగిగా భ్రమరాంబనే ఎంచారు.

చెయ్యి చదును చేశాను, మిరియం ఎక్కింది. రెండు వేళ్ళు చూపించాను. పడిపోయిన కుడి చేతి పక్కన ఒరిగి గడ్డం దూర్చింది. భ్రమరాంబ గోడ వైపు నుంచి తల తిప్పింది. తొమ్మిది నెలల తరవాత మొహం పూర్తిగా కనిపించింది. మూతి కుడివైపు కొంచెం జారింది, అంతే. కళ్ళు మునుపటివే.

డాక్టరుగారు వంగి, “భ్రమరాంబగారూ, కుక్కని ఇక్కడే ఉండనిద్దామా?” అని అడిగారు.

భ్రమరాంబ పెదవులు కదిలాయి. గొంతులో ఏదో తిరిగింది. ఎంత అవస్థో! నుదుటి మీద చెమట. గదిలో అందరూ బొమ్మల్లా నిలబడి చూస్తున్నారు. మనిషి అలా కొట్టుకుంటుంటే చూస్తూ నిలబడతారా ఎవరైనా?

“ఉండమంటోందండి,” అన్నాను.

పెదవులు ఆగిపోయాయి. గోడ వైపు తిరిగింది.

డాక్టరుగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఒక్క గీత.

ఆగస్టు 6.

అరక్షణం. అరక్షణం ముందు నోరు తెరిచాను, అంతే కదా.

ఆగస్టు 7. బుధవారం.

కబురొస్తే వెళ్ళాను. డాక్టర్ సుబ్బలక్ష్మిగారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

“మిరియం పాసైందండి. ఇంత బాగా చేసిన కుక్కని నేను సీమలో కూడా చూడలేదు.”

“సంతోషం.”

“మీరు పాసవ్వలేదు.”

“నేనేం మొరిగానా? కరిచానా?”

ఆవిడ నవ్వలేదు. “మాట ఆవిడ లోపలే ఉందండి. దారి వెతుక్కుంటోంది. నిమిషం పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. ఆ నిమిషం మీరు తీసేసుకున్నారు.”

“తను చెప్పబోయిందే చెప్పాను. నాకు తెలియదూ?”

“రెండు నెలల తరవాత మళ్ళీ రండి. అందాకా నీలమ్మ కుక్కని తిప్పుతుంది, మీరు ఒప్పుకుంటే. మొన్నే నీలమ్మతో కూడా పరీక్ష పెట్టి చూశాం, తన మాటా వింటోంది.”

నీలమ్మ మాటా వింటోంది. నిజమే, ఎవరు చెయ్యి చూపిస్తే వాళ్ళ మాట వినేలా మప్పింది నేనే. రోగుల దగ్గర ఎవరుంటే వాళ్ళకి లొంగాలి కదా అని. సాయిలు చేత, సాయిలు భార్య చేత, దారిన పోయేవాళ్ళ చేత కూడా చేయించాను. చెయ్యాల్సినదానికన్నా బాగా చేశాను.

ఒప్పుకోనని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 9.

మిరియాన్ని నీలమ్మకి అప్పగించాను. గొలుసు, గిన్నె, దువ్వెన, పిచ్చికుక్క టీకా కాగితం. వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. వార్డు వైపు పరిగెత్తింది.

ఆగస్టు 25. ఆదివారం.

వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

ఆగస్టు 29. గురువారం.

వెళ్ళలేదు. వాన వచ్చేలా ఉంది. రాలేదు.

సెప్టెంబర్ 5. గురువారం.

నీలమ్మే వచ్చింది, డ్యూటీ దిగాక, మా ఇంటికి. సాయిలు భార్య ఇచ్చిన నీళ్ళు తాగి అరుగు మీద కూర్చుంది.

“అమ్మ మాట్లాడింది సారూ.”

అరుగు చివర నేనూ కూర్చున్నాను.  

“పొద్దుగాల మిర్యాన్ని మంచం మీదికి ఎక్కించిన. ఇక్కడ్నే ఉండనియ్యాల్నా అమ్మా అని అడిగిన. ఇగ చూసిన, చూసిన. నేనైతే జల్ది ఏం లేదని ఊకున్న. మస్తు సేపు అయినంక, ‘ఎడమ’ అన్నది. సాఫ్‌గ అన్నది.”

“ఎడమా?”

“ఎడమ పక్కకు పెట్టుమని. సోయి ఉన్న చెయ్యి అదే కద సారూ. సోయి లేని చెయ్యి కింద కుక్కను పెడితే ఏం తెలుస్తది? బొచ్చు తెలుస్తదా, ఉడుకు తెలుస్తదా?”

ఎడమవైపు పెట్టాక అరగంట నిమిరిందట. తరవాత తనంతట తనే కుడి చెయ్యిని ఎడమ చేత్తో ఎత్తి మిరియం వీపు మీద పెట్టుకుందట. ఆ కుడి చూపుడు వేలు కదిలిందని నీలమ్మ ఒట్టేసింది.

ఆ రోజు నేను ‘ఉండమంటోంది’ అన్నాను.

సెప్టెంబర్ 12.

జూన్ తొమ్మిదో తేదీ పేజీ తిప్పి చూశాను. మెహదీపట్నం డాక్టరు గురించి రాసింది సరిగా లేదు. సరిచేస్తున్నాను.

ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి భ్రమరాంబని అడిగాడు, “ఎలా ఉంటోందమ్మా చేతికి?” అని. తననే అడిగాడు. తను నోరు తెరిచింది. నేను, “తిమ్మిరండి, పప్పు రుబ్బీ రుబ్బీ,” అన్నాను. ఆయన, “మొహంలో గానీ మాటలో గానీ ఏమైనా తేడా ఉందా అమ్మా?” అన్నాడు. “అబ్బే, అలాంటిదేం లేదండి,” అన్నాను. పైగా నవ్వించాను కూడా. గేదె కథ ఒకటి చెప్పాను. బయట ఇంకో పదిమంది ఉన్నారు. ఆయన తైలం రాశాడు.

బస్సులో భ్రమరాంబ, “నాలిక కూడా మందంగా ఉంటోందండీ,” అంది. కిటికీలోంచి చూస్తూ అంది. “అక్కడే చెప్పొచ్చుగా!” అని విసుక్కున్నాను.

రాశాను. ఇంక దీని గురించి రాయను.

సెప్టెంబర్ 15.

సాయిలుతో మౌన సాధన మొదలుపెట్టాను. నూరు దాకా మనసులో లెక్కపెట్టాలని డాక్టరుగారి సలహా. సాయిలు నన్ను ప్రశ్నలడగాలి. నేను నూరయ్యేదాకా నోరెత్తకూడదు.

“కంపోండర్ సారూ, గొర్రెకు నాలుగు కాళ్ళా, అయిదు కాళ్ళా?”

ఒకటి, రెండు, మూడు.

“నీకు తెల్వదా? ముప్పై మూడేండ్లు ఏం పీకినవ్ సర్కారు నౌకరీల?”

పదకొండు, పన్నెండు.

“నవాబు గుర్రం పేరేంది? అబద్ధం కద సారూ ఆ కథ? గుర్రానికి ఉర్దూ ఎట్లొస్తది?”

ముప్పై ఒకటి దగ్గర ఓడిపోయాను. ఆ కథ అక్షరాలా నిజమని అరిచాను. సాయిలు భార్య ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

సెప్టెంబర్ 24.

అరవై రెండు.

అక్టోబర్ 6. ఆదివారం.

మళ్ళీ వెళ్తున్నాను, మూడు వారాల నుంచి. ఇవాళ గంటసేపూ ఒక్క మాట మాట్లాడకుండా స్టూలు మీద కూర్చున్నాను. అరగంట గడిచేసరికి ఒళ్ళంతా దురద. గోడ మీద బల్లి, దాని గురించి చెప్పాల్సినవి కనీసం మూడు కథలున్నాయి. చెప్పలేదు.

నాలుగూ నలభైకి భ్రమరాంబ ఇటు తిరిగింది. నన్ను చూసింది. కోపం లేదు. కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఐదు గంటలయ్యేదాకా అలాగే.

దారంతా దాదాపు పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో.

అక్టోబర్ 13.

కర్ర పట్టుకుని నడుస్తోంది. మాటలు ఒక్కొక్కటీ వస్తున్నాయట, మిరియంతోనూ నీలమ్మతోనూ. నాతో ఇంకా లేదు. వస్తుంది. నిన్న వార్డు వెనకున్న గదుల దాకా వెళ్ళి చూసొచ్చిందని నీలమ్మ చెప్పింది. నయమైన ఆడవాళ్ళు కొందరు అక్కడే ఉండి ఆసుపత్రికి దుప్పట్లు కుడుతుంటారు. నడక అలవాటు కోసమే అంత దూరం వెళ్ళి ఉంటుంది. మంచిదే.

సాయిలు చేత మా గుమ్మం ముందు రాయి తవ్వించి చదును చేయించాను, కర్ర జారకుండా. పట్నం వెళ్ళి ఇత్తడి ఫిల్టరు, కాఫీ పొడి తెచ్చాను. నేనే కాచి చూశాను. బొగ్గు కషాయంలా వచ్చింది. రెండో పరీక్షకి ఇంకా వారం ఉంది.

అక్టోబర్ 20.

కాఫీ కుదిరింది. నూటికి నూరు లెక్క కూడా. సాయిలు మా అమ్మని తిట్టినా పలకలేదు.

అక్టోబర్ 21. సోమవారం.

రెండో పరీక్ష.

గుమ్మం దగ్గరే డాక్టరుగారు ఆపి చెప్పారు. “ఇవాళ భ్రమరాంబగారిని ఒక మాట అడగాలండి. ఆవిడ మంచం ఖాళీ చెయ్యాలి, ఇంకొకరు వస్తున్నారు. ఆ ప్రశ్నే మీ పరీక్ష కూడా. సరేనా?”

తలూపాను. అప్పటికే మొదలుపెట్టేశాను, మాట్లాడకుండా ఉండడం.

భీమేశ్వరరావు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. మిరియం నన్ను చూసి తోకాడించింది, లేవలేదు. నేర్పినట్టే. చెయ్యి చదును చేశాను. ఎక్కింది. ఈసారి ఎడమవైపు పంపాను. భ్రమరాంబ మంచం మీద లేచి కూర్చుని ఉంది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని ఉంది. బొట్టు కొంచెం పక్కకి పోయింది, ఎడమ చేత్తో పెట్టుకుని ఉంటుంది.

“భ్రమరాంబగారూ, ఇంక వార్డులో ఉండక్కర్లేదు. ఎక్కడుంటారో మీరే చెప్పాలి,” అని డాక్టరుగారు ఆపేశారు.

ఒకటి. రెండు. మూడు.

భ్రమరాంబ నా మొహంలోకి చూసింది. నేను ఎప్పుడు అందుకుంటానా అని చూస్తున్నట్టుంది. అందుకోలేదు.

ఇరవై. పెదవులు కదిలాయి. మూతి పక్కకి లాగింది. మెడ నరం లేచింది.

నలభై. నీలమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నాకు గొంతులోకి వచ్చేసింది మాట. పళ్ళు బిగించాను.

యాభై ఎనిమిదికి వచ్చింది. “ఇంటికి.”

విన్నాను. గదిలో అందరూ విన్నారు. చదును చేసిన రాయి, ఇత్తడి ఫిల్టరు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ‘చూశారా, ఇంటికొస్తానంటోంది!’ అనడానికి ఊపిరి కూడా తీసుకున్నాను. అంటే అయిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు. డాక్టరుగారు కాగితం మీద అదే రాసేవారు, సాయంత్రానికి బండి కట్టించేవాళ్ళం.

అనలేదు. లెక్క నూరు దాకా అని కదా. ఊపిరి అలాగే బిగబట్టాను. అరవై. అరవై ఒకటి. తన పెదవులు ఇంకా ఆగలేదు.

డెబ్భై నాలుగు.

“రాను.”

నన్ను చూసే అంది. తడబడలేదు. ఎవరికీ అనుమానం రాకూడదని కాబోలు, మొత్తం కూడబలుక్కుని మళ్ళీ అంది. “మీ ఇంటికి... రాను. ఇక్కడే... ఉంటా.”

డాక్టరుగారు రాసుకున్నారు. నీలమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, ఎవరి కోసమో. లెక్క మధ్యలో ఆపడం నాకు చేతకాలేదు. డెబ్భై ఐదు, డెబ్భై ఆరు అని నూరు దాకా పోయాను.

సర్టిఫికెట్టు అప్పటికే టైపు చేసి ఉంది. సంతకాలు పెట్టి నా చేతికిచ్చారు. స్త్రీల వార్డు, పురుషుల వార్డు, పిల్లల వార్డు. భ్రమరాంబ ఉండబోయే వెనక గదులు అందులో లేవు. అక్కడికి మగవాళ్ళు వెళ్ళకూడదట, సర్టిఫికెట్టున్నా.

భీమేశ్వరరావు కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం తట్టాడు.

“ఇదయ్యా పద్ధతి! చివరిదాకా నోరు మెదపలేదు చూడు. శభాష్!”